ఉక్కుకు రంగుల తొడుగు

తుప్పును ఆపడానికి, శత్రువు కంట పడకుండా ఉండటానికి సైన్యాలు వెతుక్కున్న పూతలు ఇవాళ అమెరికా ఇళ్ల గ్యారేజీల్లో షోకు సామగ్రి అయ్యాయి. స్ప్రే కొట్టేది కాసేపే. కథంతా దానికి ముందూ వెనకా ఉంది.

అమెరికా శివారు ఇళ్లలో గ్యారేజీ అంటే పేరుకు రెండు కార్ల చోటు. చాలా ఇళ్లలో నిలిచేది ఒక్క కారే. మిగతా సగంలో గడ్డి కోసే యంత్రం, ఎయిర్ కంప్రెసర్, గోడకు వరసగా తగిలించిన పనిముట్లు, ఓ మూల వంటింట్లోంచి రిటైరైన ఎలక్ట్రిక్ ఓవెన్. సెలవు రోజు మధ్యాహ్నం అలాంటి ఓవెన్ తలుపు తీస్తే, సన్నని ఇనుప తీగలకు వేలాడుతూ విడివిడి భాగాలుగా ఒక పిస్టల్ కనిపించడం అక్కడ మరీ వింత కాదు. పొద్దున నల్లగా ఉన్న స్లైడ్, అంటే పిస్టల్ మీద ముందుకూ వెనక్కూ జారే పైభాగం, సాయంత్రానికి ఎడారి ఇసుక రంగులోకి మారి బయటికొస్తుంది.

స్మాల్ ఆర్మ్స్ సర్వే సంస్థ 2018లో ప్రకటించిన అంచనా ప్రకారం అమెరికాలో మామూలు పౌరుల దగ్గరున్న తుపాకులు దాదాపు 39 కోట్ల 30 లక్షలు. దేశ జనాభాను మించిన లెక్క. అన్ని తుపాకులున్న చోట వాటిని తోముకోవడం, విడిభాగాలు మార్చుకోవడం, రంగులద్దుకోవడం కార్ల పిచ్చికి తీసిపోని ఇంటి వ్యాపకంగా తయారైంది. మన దగ్గర లైసెన్సు తుపాకి అంటే బ్యాంకు గుమ్మం దగ్గర కాపలా మనిషి భుజాన డబుల్ బ్యారెల్, లేదంటే ఎన్నికల నోటిఫికేషన్ రాగానే పోలీస్ స్టేషన్‌లో అప్పగించి రసీదు తెచ్చుకునే వస్తువు. దానికి ఇంట్లో కూర్చుని నీలం రంగో గులాబీ రంగో వేసుకోవడమన్న ఊహే మనకు కొత్త.

తుపాకి పౌరుల చేతిలో ఉండాలా వద్దా అన్నది అక్కడ తెగని తగవు. దాన్ని అక్కడే వదిలేసి, ఈ వారం ఆ ఆయుధం పైపొరను మాత్రం చూద్దాం. చూడగా చూడగా అందులో లోహశాస్త్రం, యుద్ధాల చరిత్ర, చట్టం, మనిషి షోకు అన్నీ కలగలిసి కనిపిస్తాయి.

అసలు శత్రువు చెమట

తుపాకిని పాడుచేసేవాటిలో మొదటి వరస తూటాలది కాదు, తుప్పుది. ఇనుము, నీరు, ఆక్సిజన్ కలిస్తే తుప్పు. మధ్యలో ఉప్పు చేరితే పని ఇంకా తొందరగా అవుతుంది. మనిషి చెమటలో ఆ ఉప్పు ఉండనే ఉంది. నడుముకు పిస్టల్ కట్టుకుని తిరిగే పోలీసాయన చొక్కా కింద, వేటగాడి అరచేతి కింద, వర్షంలో తడిసిన తోలు ఒరలో, ఉక్కు మీద సన్నటి ఎర్ర చుక్కలు మొదలవుతాయి. చెమట ఎక్కువ పట్టే మనిషి పిస్టల్ మీద వేలిముద్రలు తుప్పుగా మారి కనిపించడం తుపాకి మరమ్మతుదారులకు బాగా తెలిసిన సంగతే.

ఎర్ర తుప్పుతో వచ్చిన చిక్కేమిటంటే, అది తాను తినేసిన ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే పొంగుతుంది, పొరలుగా రాలుతుంది. రాలిన చోట కొత్త ఇనుము బయటపడి మళ్లీ తుప్పు పడుతుంది. కానీ ఇనుముకు ఇంకో ఆక్సైడ్ కూడా ఉంది: నల్లటి మాగ్నెటైట్. ఇది రాలదు, లోహాన్ని కరుచుకుని కూర్చుంటుంది. తుపాకి పూతల చరిత్రలో తొలి అధ్యాయాలన్నీ ఎర్రదాన్ని అదుపులో పెట్టడానికో, దాన్ని నల్లదిగా మార్చడానికో చేసిన ప్రయత్నాలే.

తుప్పుతోనే తుప్పును ఆపడం

పూర్వపు మస్కెట్ గొట్టాలను సైనికులు అద్దంలా మెరిసేలా తోమేవాళ్లు. పెరేడ్‌కు బాగుండేది గానీ, ఎండలో ఆ మెరుపు దూరానికి కనిపించేది. తర్వాత బ్రౌనింగ్ వచ్చింది. ఆమ్లమో లవణమో కలిపిన ద్రావణం పూసి, కావాలనే తుప్పు పట్టనిచ్చి, గీకి, మళ్లీ పూసి, రోజుల తరబడి అలా చేసి చివరికి నూనె పట్టిస్తే ముదురు గోధుమ రంగు నిలిచేది. అలా తుప్పు పట్టించిన గొట్టాన్ని మరిగే నీళ్లలో వేస్తే ఎర్ర తుప్పు నల్ల మాగ్నెటైట్‌గా మారుతుందన్న కిటుకు తెలిశాక రస్ట్ బ్లూయింగ్ పుట్టింది. ఇంగ్లండ్, యూరప్‌లలో చేసిన ఖరీదైన జంట గొట్టాల తుపాకులకు పట్టించింది ఇదే. ఆ రెండు గొట్టాలను మెత్తని టంకంతో అతికిస్తారు. బ్లూయింగ్‌లో తర్వాత వచ్చిన వేడి లవణాల పద్ధతి ఆ టంకాన్ని తినేస్తుంది కాబట్టి వాటికి నిదానపు పద్ధతే గతి.

ఆ వేడి పద్ధతి ఫ్యాక్టరీలకు పనికొచ్చింది. కాస్టిక్ సోడా, నైట్రేట్ లవణాలు కలిపిన ద్రావణాన్ని సుమారు 135 నుంచి 155 డిగ్రీల సెంటీగ్రేడ్ దాకా మరిగించి అందులో ముంచితే అరగంట అటూ ఇటూగా నీలినలుపు తేలుతుంది. ఇంట్లో చేయాలని సరదా పడేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటే. ఆ వేడిలో ఉన్న కాస్టిక్ తొట్టిలో నీళ్లు పడ్డాయంటే ఒక్కసారిగా ఆవిరై ద్రావణం మొహాన ఎగజిమ్ముతుంది. సీసాలో దొరికే కోల్డ్ బ్లూ సులువే కానీ అందులో సెలీనియం విషం ఉంటుంది, పైగా ఆ పొర పల్చన. గీత పడ్డ చోట అద్దుకోవడానికి సరిపోతుంది తప్ప మొత్తం తుపాకికి కవచం కాలేదు.

యుద్ధాలకు నీలం మెరుపు పనికిరాలేదు. 1906లో థామస్ వాట్స్ కోస్లెట్ అనే ఇంగ్లిష్ ఆయన ఇనుముకు ఫాస్ఫేట్ పొర పట్టించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. 1915లో డెట్రాయిట్‌లో మొదలైన పార్కర్ రస్ట్ ప్రూఫ్ కంపెనీ దాన్ని పెద్ద ఎత్తున పారిశ్రామికం చేసింది. పార్కరైజింగ్ అన్న మాట అక్కడిదే. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ సైనికుడు మోసిన ఎం1 గరాండ్ రైఫిల్ ఆ బూడిదాకుపచ్చ రంగులోనే ఉంటుంది. ఫాస్ఫేట్ పొర స్ఫటికాలతో గరుకుగా ఉండి నూనెను పీల్చి పట్టుకుంటుంది, వెలుతురును తిరిగి కొట్టదు. అందం అడగలేదు కాబట్టి సైన్యానికి అది చాలు.

ఆ ఫాస్ఫేట్ మీద రంగు కొట్టి కాల్చడమూ పాత ముచ్చటే. యుద్ధం తర్వాత బ్రిటిష్ వాళ్లు తమ లీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లకు ఫాస్ఫేట్ వేసి, దాని మీద సన్‌కొరైట్ అనే నల్ల ఎనామిల్ పట్టించి బట్టీలో కాల్చేవారు. మన కానిస్టేబుళ్ల భుజాన తరాలుగా చూసిన త్రీ నాట్ త్రీ ఆ లీ ఎన్‌ఫీల్డ్ కుటుంబానిదే. ఇవాళ గ్యారేజీ ఓవెన్లలో జరిగేదానికి మూలాలు వెతికితే వాటిలో ఒకటి ఈ నల్ల ఎనామిల్ దగ్గర తేలుతుంది.

సీసాలో సిరామిక్

1950ల చివర్లో యూజిన్ స్టోనర్ రూపొందించిన ఏఆర్-15 రైఫిల్‌తో పైపొర లెక్క మారింది. దాని ఒళ్లు ఉక్కు కాదు, అల్యూమినియం. అల్యూమినియానికి బ్లూయింగ్ పట్టదు, కాస్టిక్‌లో వేస్తే కరిగిపోతుంది. దానికి అనోడైజింగ్ కావాలి, అంటే ఆమ్లపు తొట్టిలో కరెంటు పెట్టి గట్టి ఆక్సైడ్ పొర పెంచడం. 1980లలో ఆస్ట్రియా నుంచి గ్లాక్ పిస్టల్ వచ్చింది. దాని ఫ్రేము ప్లాస్టిక్. ఇలా ఒకే ఆయుధంలో ఉక్కు గొట్టం, అల్యూమినియం ఒళ్లు, ప్లాస్టిక్ పిడి చేరాక మూడింటికీ ఒకే రంగు రావాలంటే రసాయనపు తొట్టి పనికిరాదు. పైనుంచి చల్లే పూత ఒక్కటే దారి.

ఆ అవసరంలోంచి పెరిగిన పేర్లు కొన్నే. ఒరెగాన్ రాష్ట్రంలోని వైట్ సిటీలో ఉన్న ఎన్ఐసీ ఇండస్ట్రీస్ వారి సెరాకోట్ ఇప్పుడు అందరికంటే ముందుంది. పాలిమర్‌లో సన్నటి సిరామిక్ రేణువులు కలిపిన ద్రవం అది. ఎక్కువగా వాడే హెచ్ రకాన్ని 121 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఓవెన్‌లో పెట్టి గట్టిపరుస్తారు. విపరీతమైన వేడి తట్టుకోవాల్సిన భాగాలకు గాలికే ఆరే సీ రకం ఉంది. విస్కాన్సిన్‌లో పుట్టిన డ్యూరాకోట్‌కు ఓవెన్ అక్కర్లేదు. పన్నెండు పాళ్ల రంగుకు ఒక పాలు హార్డెనర్ కలిపి కొడితే తనంత తనే గట్టిపడుతుంది, కాకపోతే పూర్తి బలం రావడానికి వారాలు ఆగాలి. తుపాకి పనిముట్లు అమ్మే బ్రౌనెల్స్ 1939లో అయోవా రాష్ట్రంలో మొదలైన దుకాణం. వాళ్లు డబ్బాలో అమ్మే ఎపాక్సీ పూత అల్యూమాహైడ్‌కు కంప్రెసర్ కూడా వద్దు. ఓపిక మాత్రం చాలా కావాలి. అవతలి కొసన హార్డ్‌వేర్ దుకాణంలో గేట్లకు, కుర్చీలకు కొట్టుకునే మామూలు స్ప్రే డబ్బా. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాల్లో నల్ల రైఫిళ్లు ఇసుకలో కొట్టొచ్చినట్టు కనబడుతుంటే సైనికులు అలాంటి డబ్బాలతోనే గోధుమ రంగు చల్లుకున్నారు. అది గీసుకుపోతుంది, ఘాటైన క్లీనర్ తగిలితే ఊడొస్తుంది. మళ్లీ కొట్టుకుంటారు.

పూతల గట్టిదనం తేల్చడానికి ప్రయోగశాలలో ఉప్పుపొగ పరీక్ష ఉంది. ఏఎస్‌టీఎం బి117 అనే ప్రమాణం ప్రకారం 35 డిగ్రీల వేడిలో ఐదు శాతం ఉప్పునీటిని పొగమంచులా వదులుతూ, పూత పట్టించిన రేకు ఎన్ని గంటలకు తుప్పు చూపిస్తుందో లెక్కపెడతారు. కంపెనీలన్నీ ఆ గంటలు చెప్పుకుంటాయి. అయితే పరీక్షకు పెట్టే రేకును నిపుణులు పద్ధతిగా సిద్ధం చేస్తారు. గ్యారేజీలో మనిషి సిద్ధం చేసుకున్న తుపాకికి ఆ అంకెలు వర్తిస్తాయా అన్నది అతని ఓపిక మీద ఉంటుంది.

తోమడంలోనే ఉంది

గోడ గీకకుండా సున్నం వేస్తే ఏమవుతుందో మనకు చెప్పక్కర్లేదు. తుపాకి విషయంలో గీకుడు ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఆ వస్తువు పుట్టిందే నూనెలో. ఏళ్ల తరబడి నూనె ప్రతి మర కంతలోకీ, ప్రతి అతుకులోకీ ఇంకి ఉంటుంది.

మొదటి పని రంగుకు సంబంధించింది కాదు. మ్యాగజీన్ తీసి, తూటా కూర్చునే ఛాంబర్ తెరిచి, కంటితో చూసి, వేలు పెట్టి చూసి తుపాకి ఖాళీగా ఉందని నిర్ధారించుకోవాలి. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. ఈ మాట అనుభవం లేనివాళ్ల కోసమే అనుకుంటే పొరపాటు. అలవాటైన చెయ్యే ఎక్కువగా ఏమరుపాటు పడుతుంది.

ఆ తర్వాత పూర్తిగా విప్పడం. పిన్నులు, స్ప్రింగులు, చిన్న చిన్న బంతులు. విప్పుతూ ప్రతి దశలో ఫోటో తీసుకునేవాళ్లు తెలివైనవాళ్లు. విప్పిన భాగాలను ఎసిటోన్ లాంటి ద్రావకంలో నానబెట్టి, బ్రష్‌తో తోమి, మళ్లీ కడుగుతారు. ఈ క్షణం నుంచి ఒట్టి చేత్తో ముట్టుకోవడం నిషిద్ధం. నైట్రైల్ గ్లవ్స్ వేసుకోవాల్సిందే. ఒక్క వేలిముద్ర కొవ్వు చాలు, ఆర్నెల్ల తర్వాత సరిగ్గా అక్కడే పూత పెచ్చుగా లేస్తుంది.

కడిగాక అన్నింటినీ ఓవెన్‌లో వేడి చేస్తారు. ఇది రంగు ఆరబెట్టడానికి కాదు, దాక్కున్న నూనెను బయటికి రప్పించడానికి. శుభ్రంగా ఉందనుకున్న భాగం వేడెక్కగానే మర కంతల అంచుల్లో నూనె చెమర్చడం చూస్తే కొత్తవాళ్లు ఉసూరుమంటారు. అప్పుడు మళ్లీ కడగాలి, మళ్లీ వేడి చేయాలి. చెమర్చడం ఆగేదాకా అంతే.

తర్వాత బ్లాస్టింగ్. అల్యూమినియం ఆక్సైడ్ పొడిని గాలి ఒత్తిడితో కొట్టి లోహాన్ని గరుకు చేస్తారు. పూత అతుక్కునేది ఆ గరుకుకే. గాజు పూసలతో కొడితే ఉపరితలం నున్నగా నలిగి మెరుస్తుంది తప్ప పూతకు పట్టు దొరకదు. ఇక డబ్బులు మిగులుతాయని మామూలు ఇసుక వాడేవాళ్లున్నారు. ఇసుక దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్. దానికి మందు లేదు. అసలు ఈ బ్లాస్టింగ్ క్యాబినెట్, కంప్రెసర్ కొనే స్తోమతు లేకే చాలామంది ఇంటి పనివాళ్లు పాలిష్ కాగితంతో సరిపెట్టుకుంటారు, ఆ తేడా తర్వాత బయటపడుతుంది.

ఇన్ని అయ్యాక స్ప్రే. పల్చని పొరలుగా, చెయ్యి ఆపకుండా, ముందు మూలలు, తర్వాత వెడల్పు భాగాలు. దగ్గరగా కొడితే కారుతుంది. దూరంగా కొడితే గాలిలోనే సగం ఆరిపోయి పొడిపొడిగా పడుతుంది. పొర మొత్తం మందం దాదాపు 25 మైక్రాన్లు దాటకూడదు. అది తల వెంట్రుక మందంలో సగం కూడా కాదు. కానీ జారే భాగాలకు రెండు వైపులా అంత చేరితే, ఫ్యాక్టరీలో లెక్కగా వదిలిన సందు కరిగిపోతుంది. స్లైడ్ బిగుసుకుంటుంది, పిన్ను ఎక్కదు. అందుకే గొట్టం లోపల, ఛాంబర్, తాళం పడే చోట్లు, ఫైరింగ్ పిన్ తిరిగే దారి అన్నిటినీ వేడి తట్టుకునే టేపుతో, సిలికాన్ బిరడాలతో మూసేస్తారు. అందమైన పూత వల్ల మొరాయించే తుపాకి తయారవడం ఈ వ్యాపకంలో తరచూ వినిపించే గోడు.

ఇక ఓవెన్. ఏఆర్ రకం రైఫిళ్లకు వాడే 7075 అల్యూమినియాన్ని ఫ్యాక్టరీలో గట్టిపరిచేది కూడా సుమారు 120 డిగ్రీల దగ్గరే, కాకపోతే చాలా గంటలు. కాబట్టి 121 డిగ్రీల్లో రెండు గంటలు దానికి హాని చేయవు. ఓవెన్ మీట చూపించే అంకెను నమ్మి, నిజానికి లోపల 200 డిగ్రీలు ఉంటే మాత్రం ఆ లోహం బలం తగ్గిపోతుంది. పైకి రంగు బాగానే ఉంటుంది, లోపల బలహీనత కంటికి కనిపించదు. ప్లాస్టిక్ ఫ్రేములకు అంతకంటే చాలా తక్కువ వేడి పెట్టాలి, లేదంటే వంగిపోతాయి. ఓవెన్‌లో విడిగా ఒక థర్మామీటర్ వేలాడదీయడం ఇంతా చేసి చాలామంది మరిచే పని. ఒకసారి తుపాకి భాగాలు పెట్టిన ఓవెన్‌లో మళ్లీ రొట్టె కాల్చకూడదన్నది మరిచిపోకూడని మాట. తూటా పేలినప్పుడు వెలువడే సీసం అవశేషాలు ఆ భాగాలకు అంటి ఉంటాయి.

ముక్కుకు తెలియని విషం

రెండు సీసాలు కలిపి కొట్టే కొన్ని పూతల హార్డెనర్లలో ఐసోసయనేట్లు ఉంటాయి. కార్లకు రంగులేసే షెడ్లలో పనిచేసేవాళ్లకు ఆస్తమా తెచ్చిపెట్టే పదార్థాల్లో ఇవి ముందు వరసలో ఉన్నాయి. ఒంటికి ఒకసారి పడకుండా పోయాయంటే ఆ తర్వాత ఏమాత్రం పీల్చినా ఊపిరి బిగుసుకుంటుంది. హాని చేసే మోతాదులో కూడా వీటి వాసన తెలియకపోవచ్చు. "వాసన రావట్లేదు కదా" అని మాస్కు పక్కన పెట్టడం ఇక్కడ పనిచేయని తర్కం. మూతికి కట్టిన గుడ్డ, ధూళి ఆపే పల్చని మాస్కు దేనికీ పనికిరావు. బయటి నుంచి శుభ్రమైన గాలి గొట్టం ద్వారా అందించే మాస్కే సరైనదని ఇలాంటి పూతల విషయంలో నిపుణులు చెబుతారు. అది ఎన్ని ఇళ్లలో ఉంటుంది?

నిప్పు సంగతి వేరే. అమెరికా ఇళ్లలో గ్యాసుతో నీళ్లు కాచే హీటర్‌ను చాలాచోట్ల గ్యారేజీలోనే పెడతారు. ఎసిటోన్ ఆవిరి గాలికంటే బరువు. నేలబారున పాకుతూ పోయి ఆ హీటర్ కింద ఎప్పుడూ వెలిగే చిన్న మంటను చేరుకుంటుంది. అక్కడి భవన నిబంధనలు గ్యారేజీలో మంట నేలకు కనీసం 18 అంగుళాల ఎత్తున ఉండాలని చెప్పేది ఇందుకే, పెట్రోలు ఆవిరిని దృష్టిలో పెట్టుకుని. ఆ నిబంధన రాసినవాళ్లు మూసిన తలుపుల వెనక గంటలకొద్దీ ద్రావకాలతో పనిచేసే మనిషిని ఊహించి ఉండరు. తలుపు తీస్తే దుమ్ము పడి పూత పాడవుతుందని తలుపు మూసుకునే మనిషి ఉన్నాడే, ఆయన కోసమే ఈ పేరా.

నా మటుకు నాకు ఈ వ్యాపకంలో అన్నిటికంటే తేలిగ్గా తీసుకుంటున్న విషయం ఇదే అనిపిస్తుంది. తుపాకి భద్రత గురించి పదిసార్లు హెచ్చరించే మనుషులు ఊపిరితిత్తుల దగ్గరికి వచ్చేసరికి ఒక్క వాక్యంతో సరిపెడతారు.

లోపలికి చేరని రంగు

బయట ఎంత ఖరీదైన పూత వేసినా, తూటా ప్రయాణించే దారికి అది దక్కదు. దానికి చరిత్రలో చేదు ఉదాహరణ ఎం16. వియత్నాం తేమలోకి 1960ల నడుమ అమెరికా పంపిన ఆ రైఫిల్‌కు బయటి అల్యూమినియం ఒళ్లు చక్కగానే తట్టుకుంది. ఛాంబర్‌కు మాత్రం క్రోమియం పూత వేయలేదు. లోపల తుప్పు గుంటలు పడ్డాయి. తూటాల మందును మార్చారు, శుభ్రం చేసుకునే సామగ్రి సరిపడా ఇవ్వలేదు. ఖాళీ తొడుగులు ఛాంబర్‌లో ఇరుక్కుపోయి, కాల్పుల మధ్యలో రైఫిళ్లు మొరాయించాయి. 1967లో అమెరికన్ కాంగ్రెస్ ఉపసంఘం విచారణ జరిపింది. క్రోమ్ పూత ఆ చేదు అనుభవం తర్వాతే తప్పనిసరైంది.

అంతకు ముందు తరాల సైనికులు మరో పాఠం నేర్చుకున్నారు. పాత తూటాల ప్రైమర్లలో ఉండే పొటాషియం క్లోరేట్ కాలాక గొట్టంలో ఉప్పుగా మిగిలేది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నూనె రాస్తే ఉప్పు పోదు, నీళ్లకే కరుగుతుంది. అందుకని గొట్టంలో వేడినీళ్లు పోసి కడిగి, ఆరబెట్టి, అప్పుడు నూనె రాసేవాళ్లు. ఉక్కును కాపాడటానికి నీళ్లు పోయడం! బయట రంగురంగుల సెరాకోట్ వేయించుకున్న మనిషి ఇవాళ కూడా కడ్డీకి గుడ్డ చుట్టి గొట్టం తుడుచుకోవాల్సిందే.

బొమ్మనా? నిజమా?

పూత పుట్టింది కనిపించకుండా ఉండటానికి. ఇప్పుడది కనిపించడానికి వాడుతున్నారు. సెరాకోట్ రంగుల పట్టికలో బర్న్ట్ బ్రాంజ్, స్నైపర్ గ్రే పక్కనే రాబిన్స్ ఎగ్ బ్లూ, జాంబీ గ్రీన్ ఉంటాయి. వల సంచీ చుట్టి పాము చర్మం మచ్చలు, స్టెన్సిళ్లు అంటించి అడవి గీతలు, జెండాలు, సినిమా బొమ్మలు. వీటిలో నాకు వినోదంగా తోచేది "బ్యాటిల్ వోర్న్" అనే ఫ్యాషన్. కొత్త పూత వేసి, ఆరకముందే అంచుల్లో రుద్ది, యుద్ధాల్లో అరిగిపోయినట్టు చేస్తారు. తుప్పు, అరుగుదల రాకుండా ఉండటానికి డబ్బులు పెట్టి, ఆ పక్కనే అరుగుదల వచ్చినట్టు కనిపించడానికి ఇంకొంచెం పెడతారన్నమాట.

వినోదం ఆగే చోటు ఒకటుంది. బొమ్మ తుపాకులు నిజమైనవిగా పొరబడకుండా మూతి దగ్గర నారింజ రంగు గుర్తు ఉండాలని అమెరికా 1988లో చట్టం చేసింది. 2014 నవంబరులో క్లీవ్‌లాండ్‌లో తమీర్ రైస్ అనే 12 ఏళ్ల పిల్లవాణ్ణి పోలీసు కాల్చి చంపినప్పుడు అతని దగ్గరున్నది బొమ్మ తుపాకే. దాని నారింజ గుర్తు ఊడిపోయి ఉంది. దీనికి తలకిందులైన ప్రమాదం నిజం తుపాకి బొమ్మలా కనబడటం. ఇంట్లో పసిపిల్ల చేతికి గులాబీ రంగు పిస్టల్ దొరికితే అది బొమ్మ అనుకోవడంలో పిల్ల తప్పేముంది? న్యూయార్క్ నగరం 2006లో తుపాకులకు బొమ్మల రంగులు వేసే సామగ్రిని, అలాంటి రంగు తుపాకులను నిషేధించింది. 2021లో యూటా రాష్ట్రంలోని కల్పర్ ప్రెసిషన్ అనే సంస్థ పిల్లల లెగో ఇటుకలతో చేసినట్టు కనిపించే గ్లాక్‌ను తయారుచేస్తే, లెగో కంపెనీ లేఖ రాసి ఆపించింది. మిగతా చాలా రాష్ట్రాల్లో రంగు యజమాని ఇష్టం.

దేశమంతటా వర్తించే హద్దు సీరియల్ నంబరు. చెరిపేసిన నంబరుతో తుపాకి దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. 2002 నుంచి తయారీదారులు ఆ అంకెలను కనీసం అంగుళంలో వెయ్యింట మూడు వంతుల లోతున చెక్కాలి. ఒక మంచి పూత మందం వెయ్యింట ఒక వంతు. లెక్క చూస్తే ఒక్క పూతకు అంకెలు నిలుస్తాయి. రంగు నచ్చక దాని మీద ఇంకోటి, ఇంకోటి వేస్తూ పోయినా, బ్లాస్టింగ్ అతిగా చేసినా చిక్కు మొదలవుతుంది. పాత తుపాకుల అంకెలు ఇంకా పైపైన ఉంటాయి. సొంత తుపాకికి ఇంట్లో రంగు వేసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. పక్కింటాయన తుపాకి తీసుకుని, డబ్బులకు, వ్యాపారంగా వేయడం మొదలుపెడితే లైసెన్సు కావాలి.

మనవాళ్ల సంగతి

డాలస్, అట్లాంటా వైపు ఉద్యోగాలు చేసుకునే తెలుగువాళ్లకు తెలిసీ తెలియని సంగతి ఒకటి ఇక్కడే చెప్పుకోవాలి. హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి దగ్గర ఉంచుకోవడం మామూలుగా నిషిద్ధం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. గ్రీన్ కార్డు వస్తే లెక్క వేరు. స్నేహితుడి గ్యారేజీలో సరదాగా రంగు వేసే పనిలో చెయ్యి వేసేముందు తన కాగితాలు చూసుకోవడం మంచిది.

ఇక స్వదేశంలో దారే వేరు. 1959 నాటి ఆయుధాల చట్టం తుపాకుల తయారీ, మార్పు, మరమ్మతు వ్యాపారాలన్నీ లైసెన్సు కిందికి తెచ్చింది. 2019 సవరణతో ఒక మనిషి దగ్గర ఉండగల తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. తాతల నాటి డబుల్ బ్యారెల్‌కు తుప్పు పడితే లైసెన్సున్న ఆయుధాల దుకాణానికి పట్టుకెళ్లాల్సిందే.

తాత తుపాకి

అమెరికన్ ఇళ్లలోనూ తాతల తుపాకులున్నాయి. అటక మీద దొరికిన వించెస్టర్ రైఫిల్, అరిగిపోయిన నీలం, పిడి దగ్గర తాత చెయ్యి పట్టిన చోట బయటపడ్డ తెల్ల ఉక్కు. మనవడు దాన్ని చూసి కొత్తగా చేద్దామనుకుంటాడు. పాత తుపాకులు సేకరించేవాళ్లు గుండె పట్టుకునే ఘట్టం ఇది. వాళ్ల లెక్కలో ఫ్యాక్టరీ పూత ఎంత మిగిలిందన్నదాని మీదే ధర. వించెస్టర్ కంపెనీ 1964లో తయారీ పద్ధతులు మార్చింది కాబట్టి అంతకు ముందువాటికి గిరాకీ ఎక్కువ. అలాంటిది మళ్లీ పూత వేయించుకుందని తెలిస్తే, ఎంత నీటుగా ఉన్నా బేరం పడిపోతుంది. 1873 కోల్ట్ రివాల్వర్ ఫ్రేము మీద ఎముక బొగ్గులో కాల్చి, నీళ్లలో ముంచి రప్పించిన నీలం, గోధుమ, బూడిద రంగుల మేఘాలు ఏ స్ప్రే డబ్బాలోనూ దొరకవు.

సెరాకోట్ నచ్చకపోతే మళ్లీ బ్లాస్ట్ చేసి తీసేయొచ్చు. దాని కింద ఉండాల్సిన వించెస్టర్ నీలం మాత్రం మొదటి రోజే, పూత పట్టడానికని చేసిన బ్లాస్టింగ్‌లో, క్యాబినెట్ అడుగున పొడిలో కలిసిపోయింది.